నిన్నటి పేజీ... నేటి ఫలితం!

2006 వేసవి. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజు. నిజామాబాద్ బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉందనుకుందాం. లోపల పది కంప్యూటర్లు. గుమ్మం బయట చెప్పుల గుట్ట. హాల్ టికెట్లు చేత పట్టుకున్న పిల్లలు... వాళ్ల వెనక తువ్వాలుతో చెమట తుడుచుకుంటున్న నాన్నలు. బోధన్ దగ్గరి పల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఓ చెరుకు రైతు కూతురు కూడా అందులో ఉంది.

గడియారం పదకొండు దాటింది. తెర మీద మాత్రం ఒకటే వాక్యం... ‘ఫలితాలు ఉదయం 11 గంటలకు విడుదల’.

“అన్నా, టైమైంది గదా! ఇంక గదే పేజీ వస్తుంది.”

“సర్వర్ మీద లోడుంటది చెల్లె. జర ఆగు.”

పావుగంట గడిచింది. ఇంతలో హైదరాబాద్ నుంచి మేనమామ ఫోను. “ఈడ అందరు చూసుకుంటున్రు బావా! మీరేం జేస్తున్రు?”

ఫలితాలు వచ్చేశాయి. నెట్ లైను బాగానే ఉంది. కంప్యూటర్లూ బాగానే ఉన్నాయి. మరి పది తెరల మీదా పాత పేజీయే ఎందుకు కనిపిస్తోంది? దోషి ఎక్కడో లేదు. అదే సెంటర్లో, ఓ మూలన, మానిటర్ కూడా లేకుండా గుర్రుమంటూ నడుస్తున్న పాత డబ్బా. దాని పేరు ప్రాక్సీ సర్వర్. నిజానికి మిగతా 364 రోజులూ ఆ సెంటర్‌ని నిలబెట్టింది అదే!

ఒకటే పైపు... పది కుళాయిలు

అదెలాగంటారా? చిన్న లెక్క చూద్దాం. అప్పట్లో బ్రాడ్‌బ్యాండ్ అంటే చాలాచోట్ల 256 కేబీపీఎస్. అంటే సెకనుకు 256 కిలోబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, ఎంత బాగా నడిచినా సెకనుకు 32 కిలోబైట్లు. 160 కిలోబైట్ల పేజీ ఒకటి రావడానికి 5 సెకన్లు పడుతుంది. పదిమందీ అదే పేజీ అడిగితే? అదే సరుకు పదిసార్లు రావాలి. 1,600 కిలోబైట్లు... 50 సెకన్లు! గంటకింత అని డబ్బు కట్టి కూర్చున్న వాళ్లకి అందులో దాదాపు నిమిషం గాలికి పోయినట్టే.

ఇక్కడే ప్రాక్సీ అక్కరకొస్తుంది. ప్రాక్సీ అంటే ‘బదులుగా నిలబడేది’. పది కంప్యూటర్లూ నేరుగా బయటికి వెళ్లవు. తమకేం కావాలో మూలనున్న డబ్బాని అడుగుతాయి. అది బయటికెళ్లి పేజీ తెస్తుంది. అడిగినవాళ్లకి ఇస్తూనే ఒక నకలు తన హార్డ్ డిస్కులో దాచుకుంటుంది. ఈ దాచుకోవడాన్నే ‘కాష్’ అంటారు. రెండోవాళ్లు అడిగితే మళ్లీ బయటికెళ్లదు. సెంటర్ లోపలి తీగ వేగం సెకనుకు 100 మెగాబిట్లు. అంటే బయటి లైనుకన్నా దాదాపు 400 రెట్లు! మొదటివారికి 5 సెకన్లు. తర్వాతి తొమ్మిదిమందికి కళ్లు మూసి తెరిచేంతలో!

నిజామాబాద్ వాళ్లకి ఈ సంగతి కొత్తేమీ కాదు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కథే ఇది. దూరపు నీళ్లు కాలువలో వస్తాయి. దారిలో అలీసాగర్ లాంటి జలాశయం వాటిని నిలుపుకుంటుంది. కావలసినప్పుడు దగ్గర్నుంచే వదులుతుంది. ప్రతి మడికీ ప్రతిసారీ నేరుగా నిజాంసాగర్ నుంచే నీళ్లు రావాలంటే అయ్యే పనేనా? ఒక్కటే తేడా... నీళ్లు పంచితే తరిగిపోతాయి. పేజీ ఎంతమందికి పంచినా తరగదు. కాకపోతే పాతబడుతుంది! తంటా అంతా అక్కడే.

స్క్విడ్ పుట్టిందిలా

వెబ్ పుట్టిన సెర్న్ ప్రయోగశాలలోనే కాష్ ఉన్న ప్రాక్సీ కూడా ప్రాణం పోసుకుంది. అక్కడి సర్వర్ ప్రోగ్రాంకి ఈ సదుపాయం జోడించి, ఆరి లుటోనెన్, కెవిన్ ఆల్టిస్ 1994లో దాన్ని వివరిస్తూ పరిశోధన పత్రం ప్రకటించారు. అదే దశకంలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంతో ముడిపడిన హార్వెస్ట్ అనే ప్రాజెక్టులో మరో కాష్ తయారైంది. దాని ఆధారంగా 1996లో డ్యూయేన్ వెసెల్స్ మొదలుపెట్టిందే స్క్విడ్. ఓ సముద్రజీవి పేరు! ఆ పనికి అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులు అందాయి. ప్రోగ్రాం మాత్రం ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు.

అందుకే లైసెన్సుకు పైసా ఖర్చు లేకుండా, పక్కన పడేసిన పాత కంప్యూటర్లో లైనక్స్ వేసి, దాన్ని ప్రాక్సీగా మార్చుకునే వీలు కలిగింది. నెట్ సెంటర్లకీ కాలేజీ ల్యాబులకే కాదు... మహామహులకీ ఇదే దిక్కయింది. వికీపీడియా తన పేజీలను లోకానికి వేగంగా అందించడానికి ఏళ్ల తరబడి స్క్విడ్‌నే వాడుకుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా పేజీలు కూడా ఆ రోజుల్లో పాఠకులను చేరింది స్క్విడ్ చేతుల మీదుగానే!

నల్లతెర మీద నాలుగు మాటలు

స్క్విడ్‌కి రంగురంగుల కిటికీలుండవు. నొక్కడానికి బొమ్మలుండవు. నల్లటి తెర మీద మాటలు టైపు చేసి పని చెప్పాలి. దీన్నే కమాండ్ లైన్ అంటారు. ఇదేం గోల అనుకోకండి. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, బొమ్మల భారం లేదు కాబట్టి పాత యంత్రం జ్ఞాపకశక్తి అంతా అసలు పనికే మిగులుతుంది. డిస్కులో దాచే ఒక్కో గిగాబైటుకు దాదాపు 10 మెగాబైట్ల మెమరీ జాబితా రాసుకోవడానికే కావాలని స్క్విడ్ వాడేవాళ్ల పాత లెక్క. రెండోది, మానిటర్ లేకపోయినా మరో కంప్యూటర్లో కూర్చుని నడిపించవచ్చు.

పని మొదలయ్యేది ‘స్క్విడ్.కాన్ఫ్’ అనే ఫైలుతో. ఇల్లాలు పనమ్మాయికి రాసిపెట్టే చీటీ లాంటిదది. ఏ తలుపు దగ్గర నిలబడాలి... మామూలుగా 3128వ నంబరు. ఎవరిని లోపలికి రానివ్వాలి... సెంటర్లోని యంత్రాలనే. ఎంత దాచుకోవాలి, ఎక్కడ దాచుకోవాలి... అన్నీ అందులోనే.

ఆ తర్వాత ‘స్క్విడ్ -కె పార్స్’ అంటే చాలు, చీటీలో తప్పులుంటే చదివి చెబుతుంది. ‘స్క్విడ్ -జెడ్’ అంటే సరుకు పెట్టుకోవడానికి అరలు కడుతుంది. మామూలు కొలత ప్రకారం 16 గదులు, ఒక్కో గదిలో 256 అరలు. మొత్తం 4,096! ఒకే గదిలో వేల పేజీలు కుప్పపోస్తే వెతకడానికే పొద్దు పోతుంది మరి. అప్పుడిక ‘స్క్విడ్’ అని ఒక్క మాట కొడితే సర్వర్ లేచి నిలబడుతుంది.

మధ్యలో చీటీ మారిస్తే? ఆపి మళ్లీ నడపక్కర్లేదు. ‘స్క్విడ్ -కె రీకాన్ఫిగర్’ అంటే కొత్త చీటీ చదువుకుంటుంది. రాత్రి దుకాణం కట్టేటప్పుడు ‘స్క్విడ్ -కె షట్‌డౌన్’. అప్పుడైనా ఠక్కున ఆగిపోదు. ఎవరి పేజీయైనా సగంలో ఉంటే మామూలుగా 30 సెకన్ల దాకా ఆగి, జాబితా సర్దుకుని అప్పుడు పడుకుంటుంది. అలా కాకుండా కరెంటు పోయి ఆగిపోతే... మళ్లీ లేచినప్పుడు జాబితా సరిచూసుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. కరెంటు కోతల ఊళ్లలో యూపీఎస్ విలువ తెలిసేది అప్పుడే!

పని ఎలా సాగుతోందో చూడాలంటే ‘టెయిల్ -ఎఫ్’ అని కొట్టి, పక్కన యాక్సెస్ లాగ్ ఫైలు పేరు ఇవ్వాలి. ఎవరు ఏం అడిగారో వరుసగా పరుగెడుతూ కనిపిస్తుంది. ‘హిట్’ అంటే ఇంట్లోనే దొరికింది. ‘మిస్’ అంటే బజారుకెళ్లి తెచ్చింది. హిట్లు పెరిగేకొద్దీ యజమాని మొహం మీద నవ్వు పెరుగుతుంది.

చెరుకా? చక్కెరా?

ఇంతకీ ఫలితాల రోజు జరిగిందేమిటి?

బోధన్ చుట్టుపక్కల రైతునడగండి. కోసిన చెరుకు ఎంతసేపు ఆగుతుంది? 24 గంటల్లోపు గానుగకు చేరాలి. ఆలస్యమయ్యేకొద్దీ తూకం తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. 1937లో ఏర్పాటైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్ శక్కర్‌నగర్‌లో, చెరుకు తోటల మధ్యనే వెలిసిందంటే కారణం అదే. అదే చెరుకు ఒకసారి చక్కెరగా మారి బస్తాకెక్కితే? నెలల తరబడి నిశ్చింత.

వెబ్ పేజీల్లోనూ ఈ రెండు రకాలుంటాయి. సైటు పైన ఉండే ముద్ర బొమ్మ చక్కెర లాంటిది. నెలల తరబడి మారదు. ఫలితాల పేజీ చెరుకు లాంటిది. గంట గంటకూ మారిపోతుంది. ఏది ఎన్నాళ్లు నిలవుంటుందో చెప్పాల్సింది పేజీ పంపే సైటే. ‘ఇది ఫలానా వేళ దాకా పనికొస్తుంది’ అని గడువు రాసి పంపవచ్చు. కానీ చాలా సైట్లు ఆ ముక్క రాయవు. అప్పుడు స్క్విడ్ ఏం చేస్తుంది? ఊహిస్తుంది!

ఆ ఊహకూ ఓ లెక్కుంది. పేజీ తన దగ్గరికి వచ్చేసరికే ఎంతకాలంగా మారకుండా ఉందో చూస్తుంది. అందులో 20 శాతం కాలం ఇంకా మారదులే అనుకుంటుంది. అయితే ఎంత పాత పేజీకైనా మూడు రోజులకు మించి ఆ నమ్మకం ఇవ్వదు. మామూలు అమరిక ఇదే. చాలా రోజులు ఈ ఊహ తప్పు కాదు. పదిరోజులుగా మారని పేజీ మరో రెండు రోజులు మారకపోవచ్చు కదా!

కానీ ఫలితాల రోజు మామూలు రోజు కాదు. ‘11 గంటలకు విడుదల’ అనే పేజీని సైటువాళ్లు ముందురోజు రాత్రి పదిన్నరకు పెట్టారనుకోండి. పొద్దున పదిన్నరకు సెంటర్లో ఎవరో మొదటిసారి తెరిచారు. అప్పటికి పేజీ వయసు 12 గంటలు. అందులో 20 శాతం... 2 గంటల 24 నిమిషాలు. అంటే మధ్యాహ్నం 12 గంటల 54 నిమిషాల దాకా ‘ఇది తాజా పేజీయే’ అని స్క్విడ్ ధీమా! పదకొండింటికి లోకమంతా మారిపోయినా, ఈ పది తెరల మీదా పదిన్నరే!

విచిత్రం ఏమిటంటే, హాల్ టికెట్ నంబరు కొట్టాక వచ్చే మార్కుల పేజీతో ఈ తంటా ఉండదు. చిరునామాలో ప్రశ్నార్థకం ఉన్న పేజీలను ఇలా ఊహ మీద దాచిపెట్టకూడదని మామూలు అమరికలోనే ఉంటుంది. ఒకరి మార్కులు మరొకరికి చూపించే ప్రమాదం లేదన్నమాట. కానీ ఆ పేజీ దాకా వెళ్లే తలుపే పాతదైతే, లోపలికి పోయేదెలా?

మందు లేకపోలేదు. కీబోర్డు మీద కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కితే ‘దాచింది నాకొద్దు, కొత్తది తే’ అన్న మాట ప్రాక్సీకి చేరుతుంది. మామూలు రిఫ్రెష్‌తో అన్నిసార్లూ ఈ పని జరగదు. ఇక తెలివైన యజమాని ముందురోజు రాత్రే చీటీలో ఒక వరుస చేర్చుకుంటాడు... ఈ సైటు పేజీలు దాచొద్దు అని. ఆపైన ‘రీకాన్ఫిగర్’ అని ఒక్క మాట. అంతే!

అయితే ప్రతి పేజీనీ ఇలా కొత్తగా తెమ్మంటే దాచుకోవడమెందుకు? దానికీ ఓ మధ్యేమార్గం ఉంది. గడువు తీరిన పేజీని స్క్విడ్ వెంటనే పారేయదు. ‘నా దగ్గరున్నది ఫలానా వేళది. ఆ తర్వాత మారిందా?’ అని సైటుని అడుగుతుంది. మారకపోతే ‘304’ అని జవాబొస్తుంది. మారలేదు అని దానర్థం. పేజీ మొత్తం రానక్కర్లేదు, నాలుగు మాటలతో సరి! అడగడానికి అయ్యే ఖర్చు తక్కువే. అడగకపోతే అయ్యే నష్టమే ఎక్కువ.

తాళం... పద్దు పుస్తకం

ప్రాక్సీ నడిపేవాళ్లు మరో రెండు జాగ్రత్తలు మరవకూడదు.

మొదటిది తాళం. చీటీలో నియమాలను స్క్విడ్ పైనుంచి కిందికి చదువుతుంది. మొదట ఏది సరిపోతే దానికే కట్టుబడుతుంది. ‘మన యంత్రాలను రానివ్వు, మిగతా ఎవరినీ రానివ్వకు’ అన్న వరుస సరిగా ఉండాలి. పొరపాటున ‘అందరినీ రానివ్వు’ అని పైన రాస్తే కింద ఎన్ని కట్టడులు పెట్టినా దండగే. ఎక్కడివాళ్లో మీ ప్రాక్సీ ద్వారా వెళ్లి ఏదో ఘనకార్యం చేస్తారు. అవతలివారికి కనిపించే చిరునామా మాత్రం మీదే!

రెండోది పద్దు పుస్తకం. ఏ కంప్యూటర్ నుంచి, ఏ క్షణాన, ఏ పేజీ అడిగారో లాగ్ ఫైలులో నమోదవుతుంది. అది ఒక ఊరి మనసులోని మాటల చిట్టా! ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, రోగం గురించి చదువుకునేవాళ్లు, పెళ్లి సంబంధాలు చూసుకునేవాళ్లు... ఆ కుర్చీలో కూర్చున్నది వాళ్లే కదా. 2011 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన సైబర్ కెఫే నియమాలు ప్రాక్సీ లాగ్‌లను కనీసం ఏడాది పాటు భద్రపరచాలన్నాయి. భద్రపరచడమంటే తాళమేసి ఉంచడం. ఆసక్తి కొద్దీ తిరగేసి చదవడం కాదు!

ఈ విషయంలో స్క్విడ్ రాసినవాళ్లు ముందే ఆలోచించారు. చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని మామూలుగా లాగ్‌లో రాయకుండా కత్తిరించేస్తుంది. ఎవరు ఏ పదం వెతికారో, ఏ హాల్ టికెట్ నంబరు కొట్టారో అలా వచ్చే సంగతులు పుస్తకంలోకి ఎక్కవు. యజమాని ఆ కత్తెరను తీసేయగలడు. తీయకుండా ఉండటమే మర్యాద.

ఇప్పుడేమైంది?

ఇప్పుడు ఫలితాలు చేతిలోని ఫోనుకే వస్తున్నాయి. మరి మూలనున్న డబ్బా పని అయిపోయినట్టేనా? చాలావరకు అంతే. కారణం వేగం ఒక్కటే కాదు. ఇప్పుడు సైట్లలో అత్యధికం ‘హెచ్‌టీటీపీఎస్’ అనే సీలు వేసిన కవరులోనే పేజీలు పంపుతున్నాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఆ సీలును ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చిన్న సైట్లు కూడా ఆ దారి పట్టాయి. ప్రాక్సీకి కవరు మీది సైటు పేరే కనిపిస్తుంది. లోపలి పేజీ కనిపించదు. కనిపించని దాన్ని దాచేదెలా?

అయితే దాచుకోవడం ఆగిపోలేదు. చోటు మారింది, అంతే! 1998లో మొదలైన అకమాయ్ లాంటి సంస్థలు సైట్ల తరఫునే ఊరూరా కాష్ సర్వర్లు పెట్టాయి. గూగుల్, నెట్‌ఫ్లిక్స్ తమ వీడియోల నకళ్లను నెట్ ఇచ్చే కంపెనీల దగ్గరే ఉంచుతున్నాయి. ఒకే పాట కోట్లమంది చూస్తున్నా ప్రతిసారీ సముద్రం దాటి రావడం లేదంటే పుణ్యం వాటిదే. చెరువు ఊళ్లోంచి కాలువ మొదటికి జరిగిందన్నమాట. తూము తాళం చెవులు కూడా దానితోపాటే జరిగాయి. ఏది నిలవుంచాలో, ఎప్పుడు మార్చాలో ఇప్పుడు నిర్ణయించేది పెద్ద కంపెనీలే.

స్క్విడ్‌కి ఇంకా ఓ మంచి పని మిగిలే ఉంది. 40 లైనక్స్ కంప్యూటర్లున్న కాలేజీ ల్యాబ్ తీసుకోండి. ఒక్కోదానికి 300 మెగాబైట్ల అప్‌డేట్ రావాలి. విడివిడిగా తెచ్చుకుంటే 12 గిగాబైట్లు. ప్రాక్సీ ద్వారా అయితే ఒక్కసారే 300 మెగాబైట్లు! ఉబుంటు లాంటి వాటి అప్‌డేట్లు సీలు కవరు లేకుండా రావచ్చు కానీ, వాటిని డిజిటల్ సంతకంతో సరిచూసే ఏర్పాటు ఉంటుంది. మధ్యలో ఎవరు దాచినా, మార్చితే పట్టుబడుతుంది. అయితే ఒక మెలిక. మామూలు అమరికలో స్క్విడ్ 4 మెగాబైట్లు మించిన ఫైలును దాచదు. ఆ హద్దును పెంచుతూ ఒక వరుస రాయాలి. అదీ దాచే చోటు చెప్పే వరుసకన్నా పైనే రాయాలి. ఈ సంగతి తెలియక ‘హిట్లే రావడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లు ఎందరో!

మళ్లీ ఆ సెంటర్‌కి...

మేనమామ ఫోను పెట్టేశాడు. యజమాని నాలుక కరుచుకుని, “చెల్లె... కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 కొట్టు” అన్నాడు. ఆ అమ్మాయి కొట్టింది. ఈసారి ప్రాక్సీ బయటికెళ్లి కొత్త పేజీ తెచ్చింది. తెస్తూ తెస్తూ తన అరలోని పాత నకలు తీసేసి కొత్తది పెట్టుకుంది.

పక్క కుర్చీలో అబ్బాయి మళ్లీ అడిగితే వాడికీ కొత్తదే వచ్చింది. ఆ పక్కవాడికీ. వరుసగా పది తెరలూ మారిపోయాయి. అంతసేపూ అందరినీ పాత పేజీతో ఆపింది ఆ డబ్బాయే. ఒక్కరు గట్టిగా ‘కొత్తది తే’ అనగానే అందరికీ పంచిందీ అదే.

“ఏమాయె బిడ్డా?” వెనకనుంచి తండ్రి గొంతు.

ఆ అమ్మాయి హాల్ టికెట్ మీది నంబరును ఒక్కో అంకె చూసుకుంటూ కొడుతోంది.